కందికట్టెల దారి

మంగతాయి పొలంలో ఒక కొట్టం. అందులో ఒక ఎద్దు, ఒక పిల్లి, పదీ పన్నెండు కోళ్లు, వీటన్నిటికీ కాపలాగా కర్రి అనే నల్లకుక్క. కర్రి పేరు చెబితే నక్కకు హడల్. అలాంటి కర్రి ఉన్నట్టుండి కోళ్లను వదిలేసి మంగతాయిని పట్టుకుంది. ఆమె కలుపుకు వెళితే కలుపుకు, నీళ్లకు వెళితే నీళ్లకు. కుచ్చిళ్లకు మూతి ఆనించి నడుస్తుంది, ఆమె ఆగితే తానూ ఆగుతుంది. కాళ్లకడ్డం పడొద్దని ఆమె రోజుకు పదిసార్లు కసురుకునేది.

రొట్టె ముక్క కోసం కాకా పడుతోందని పిల్లి కోళ్లన్నిటికీ చాటింది. దాని బుద్ధి అంతే, లోకమంతా తనలాగే ఉంటుందనుకుంటుంది.

ఎద్దు తొందరపడే రకం కాదు. నాలుగు రోజులు నెమరు వేస్తూ గమనించింది. ఎదురుగా ఉన్న గిన్నెను కర్రి వాసన పట్టి వెతుక్కోవడం చూసి, ఐదో రోజు దగ్గరికి పిలిచింది.

"తమ్ముడూ, కళ్లు ఆనడం లేదా?"

కర్రి తల దించుకుంది. "లేదన్నా. ఆమె వెంట ఉంటేనే అడుగు పడుతోంది. ఆమెకు తెలిస్తే నన్ను వాగు అవతల వదిలేస్తుంది. పక్క పొలం కుంటికుక్కను అలాగే వదిలేశారు."

"చెవులూ ముక్కూ బాగున్నాయిగా. భయపడకు," అంది ఎద్దు.

నక్క కూడా పసిగట్టింది. తన వాసన అందకుండా గాలికి ఎదురుగా నిలబడి, కర్రి ముందు తోక ఊపి చూసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎద్దు అబద్ధమాడదని అందరికీ తెలుసు కాబట్టి, నేరుగా దాని దగ్గరికే వచ్చింది.

"మామా, కుక్కకు కళ్లు పోయినట్టేనా?"

"నీ కళ్లతో చూశావుగా, నన్నడగడమెందుకు?"

"కోళ్ల దగ్గరికి ఏ దారి దగ్గర?"

"ఆ ఎండిన కందికట్టెల మీదుగా వస్తే దగ్గర."

మిట్టమధ్యాహ్నం మంగతాయి కొట్టం పక్కన అటు తిరిగి అన్నం తింటుంటే, కర్రి ఆమె కాళ్ల దగ్గర పడుకుని ఉంది. గుడ్డికుక్కకు దాక్కోవడమెందుకని నక్క దర్జాగా కట్టెల మీద కాలు పెట్టింది. అవి ఫటఫటా విరిగాయి. కర్రి చప్పుడు మీదికి ఒక్క దూకు దూకి తోక అందుకుంది. నక్క సగం తోక అక్కడే వదిలి పరుగు తీసింది.

తిరిగొస్తూ కర్రి నాగలికి గుద్దుకుంది. మంగతాయి లేచి, దాని కళ్ల ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు. కర్రికి వాగు గుర్తొచ్చింది.

ఆమె మట్టిలోనే కూలబడి దాని తల ఒళ్లోకి తీసుకుంది. "కనపడకపోయినా నా కోళ్లను కాచావా నాయనా? తెలియక కసిరాను. ఇక నా వెంటే ఉండు," అంటూ కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఆమె నడక నెమ్మదించింది.

సాయంత్రం కర్రి ఎద్దు పక్కన చేరి, "అన్నా, అందరూ నా తిరుగుడు చూశారు, నువ్వు నా కష్టం చూశావు. నీ మేలు ఊపిరి ఉన్నంత వరకూ మరిచిపోను," అంది. ఎద్దు దాని వీపు నాకింది.

గట్టు అవతల నక్క మాత్రం ఎద్దు చెప్పిన మాటలన్నీ తిరగేసి మరగేసి చూసుకుంటోంది. ఒక్కదాంట్లోనూ అబద్ధం దొరకలేదు.

నీతి: కాళ్ల చుట్టూ తిరిగేవాణ్ణి కసిరే ముందు, వాడికేం కష్టమొచ్చిందో చూడాలి.