రెండో ముంత

ఎల్కాకి ముక్కే బలం, ముక్కే బాధ.

ఆమె తండ్రి ఆంట్వెర్ప్ రేవులో నారింజపళ్ళూ, సుగంధద్రవ్యాలూ దింపుకునే వర్తకుడు. ఐదేళ్ళ వయసులోనే ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఏ సంచిలో ఏముందో, ఏది నిరుటి సరుకో, దేనికి దారిలో చెమ్మ తగిలిందో చెప్పేసేది. పెద్దయ్యాక ఆ ముక్కే ఆమెను ఎక్కడా నెమ్మదిగా కూర్చోనిచ్చేది కాదు. ఎవరి వంటలోనైనా లోపం ముందు ఆమెకే తెలిసేది. తెలిశాక చెప్పకుండా ఉండలేకపోయేది.

ఇరవై నాలుగో ఏట సన్యాసం కోరి, కాలవ పక్కన గోధుమ పొలాల మధ్యనున్న ఒక చిన్న మఠానికి వచ్చింది. అక్కడ పదకొండు మంది సన్యాసినులు ఉండేవారు. వాళ్ళకు పెద్ద మదర్ క్లారా. ఆమె ఎల్కా ముక్కు సంగతి విని, వంటింటి వెనక బీరు కాచే కొట్టుకి పంపింది.

ఆ కొట్టు సిస్టర్ బెర్తాది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు. మాట తక్కువ.

ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో నీళ్ళు తాగితే జబ్బు చేస్తుందని భయం. అందుకే ఇంటింటా తేలికపాటి బీరు కాచుకుని, దాహానికి అదే తాగేవాళ్ళు. మఠంలో కాచేది గోధుమ బీరు. గోధుమలూ, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలూ తిరగల్లో బరకగా విసిరి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, వడగట్టిన తేటని పెద్ద కాగులో మరిగిస్తారు. దించే ముందు ఎండు నారింజ తొక్కలూ, నలగ్గొట్టిన ధనియాలూ వేస్తారు. చల్లారాక పాత బీరు మీది నురుగు కలిపి పీపాలో పోస్తారు. ఐదారు రోజులకి అది తరవాణిలా తెల్లగా, మబ్బుగా, కొంచెం పుల్లగా తయారవుతుంది.

రెండేళ్ళు గడిచాయి. ఎల్కా కాగులు తోమింది. నారింజ తొక్కల లోపలి తెల్లటి పొరని చాకుతో గీకి, దారానికి గుచ్చి ఎండేసింది. ధనియాలు దంచింది. బెర్తా ఆమెకి ఒక్క పాఠం కూడా చెప్పలేదు. బీరు మాత్రం ప్రతిసారీ ఒకేలా ఉండేది. నారింజ ఉందా లేదా అన్నట్టు ఉండేది.

"ఇంకో గుప్పెడు తొక్కలు వేస్తే ఎంత బాగుంటుందమ్మా!" అని ఎల్కా చాలాసార్లు అంది.

"ఊఁ" అనేది బెర్తా. వేసేది కాదు.

ఒక జూన్ మధ్యాహ్నం బెర్తా మూలనున్న బుట్టలోంచి దోసెడు తొక్కలు తీసి కాగు దగ్గరకి వస్తోంది. గుమ్మంలో ఉన్న ఎల్కాకి గుప్పున ముక్కిపోయిన వాసన కొట్టింది. ఆ బుట్ట అడుగున వాన జల్లు పడి తొక్కలు బూజు పట్టాయి. బెర్తా వాటిని మొహం దగ్గరకి తెచ్చుకుని చూస్తోంది కానీ, ఆమె కనుబొమ్మ కూడా కదల్లేదు.

"అమ్మా, ఆగండి!" ఎల్కా పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "అవి పాడైపోయాయి."

బెర్తా తొక్కల్ని వెలుతురులోకి తిప్పి చూసింది. ఓ పక్క పచ్చగా బూజు కనిపించింది. "అవును, పాడయ్యాయి" అని పెంటకుప్ప మీద పారబోసి వచ్చింది.

ఎల్కా మనసులో ఒక అనుమానం మొలిచింది. మర్నాడు ఒక గిన్నెలో ఘాటైన వెనిగర్ పోసి, బెర్తా ధనియాలు ఏరుతుంటే ఆమె గడ్డం కింద పెట్టింది. తన కళ్ళలోనే నీళ్ళు తిరిగాయి. బెర్తా మాత్రం ధనియాలు ఏరుతూనే ఉంది.

కాసేపయ్యాక తలెత్తి, గిన్నెని చూసింది. ఎల్కాని చూసింది.

"పదకొండేళ్ళయింది" అంది. "ఒక చలికాలం జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసనని కూడా తీసుకుపోయింది. పులుపూ, చేదూ, తీపీ నాలిక్కి తెలుస్తాయి. మిగతావేమీ లేవు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదు. నువ్వే మొదలు."

ఎల్కాకి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపం కూడా వచ్చింది. రెండేళ్ళు! ఇంత ముక్కున్న తను, అసలు ముక్కే లేని మనిషి దగ్గర రెండేళ్ళు కాగులు తోమింది.

"అయితే మీరు నాకేం నేర్పుతారమ్మా?" అనేసింది.

బెర్తా కోప్పడలేదు. నడుముకి కట్టుకున్న తాళంచెవి విప్పి ఎల్కా చేతిలో పెట్టింది. సరుకుల గది తాళం అది.

"కోతల కోసం కాచే బీరు నువ్వు కాయి. నీ ఇష్టమొచ్చినట్టు కాయి. నేను కట్టెలు పెడతాను" అంది.

ఎల్కా ఆ రోజు కాచినట్టు ఆ కొట్టులో అంతకుముందు ఎవరూ కాచి ఉండరు. ధనియాలు గింజ గింజా చూసి ఏరింది. గోధుమలు ఎక్కువ పోసింది. ఎండు తొక్కలు మూడింతలు వేసింది. అవి చాలక, తండ్రి దగ్గర్నుంచి తాజా నారింజలు తెప్పించి, పైపొర మాత్రం పల్చగా చెక్కి, కాగు దించాక ఆవిరి మీద చల్లింది. ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు మూత పెట్టాలో ఆమె ముక్కే చెప్పింది. ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆ వాసన పెరట్లోంచి వరండాలోకి, వరండాలోంచి ప్రార్థన గదిలోకి వెళ్ళింది. మెట్లెక్కుతున్న సన్యాసినులు మధ్యలో ఆగిపోయారు. బెర్తా పొయ్యి ముందు కూర్చుని వాళ్ళ మొహాలకేసి చూస్తూ ఉండిపోయింది.

ఆరో రోజు పీపా తెరిచారు. మదర్ క్లారా ఒక గుటక వేసి కళ్ళు మూసుకుంది.

"నారింజ తోటలో నిలబడ్డట్టుందే ఎల్కా!" అంది. తరవాత బెర్తా వైపు తిరిగి, "మీకూ వయసైంది సిస్టర్. ఇక కొట్టు ఈ పిల్లకి అప్పజెప్పి విశ్రాంతి తీసుకుంటారా?" అని అడిగింది.

"తీసుకుంటాను మదర్" అంది బెర్తా. "కోతలు కానివ్వండి."

కోతల రోజు ఎండ మండిపోయింది. మఠం పొలంలో ముప్ఫై మంది కొడవళ్ళతో దిగారు. పొద్దెక్కేసరికి వాళ్ళ చొక్కాలు వీపులకి అంటుకుపోయాయి. బెర్తా రెండు పెద్ద కూజాలు సిద్ధం చేసింది. ఒకదాంట్లో ఎల్కా బీరు, ఇంకోదాంట్లో పాత పీపాలో మిగిలిన తన బీరు. రెండూ మోసుకుని ఇద్దరూ పొలానికి వచ్చారు.

"ముందు నీది పొయ్యి" అని, బెర్తా ఒక గోధుమ కట్ట మీద చతికిలబడింది.

ఎల్కా మట్టి ముంతలు నింపి అందించింది. కోతగాళ్ళు ముంత మొహం దగ్గర పెట్టుకోగానే ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సిస్టరమ్మా, ఏం కలిపారు ఇందులో?" అంది ట్రీనా అనే ఆమె. "మా అమ్మాయి పెళ్ళికి ఒక పీపా కాచి పెట్టరూ!"

"రాజుగారి ఇంట్లో కూడా ఇలాంటిది ఉండదు" అన్నాడు ఇంకొకాయన.

ఎల్కా చెవులు వేడెక్కాయి. ఓరగా బెర్తా వైపు చూసింది. బెర్తా ఆమెను చూడటం లేదు. తాగుతున్న వాళ్ళ గొంతుల్ని చూస్తోంది.

కాసేపటికి అందరూ మళ్ళీ పనిలోకి దిగారు. ముంతలు గట్టు మీద వరసగా ఉన్నాయి. ఎల్కా ఏరుకుందామని వంగింది. ఒక్కటీ ఖాళీ కాలేదు. కొన్ని సగానికి, కొన్ని ఇంకా పైకి నిండి ఉన్నాయి. వాటి అంచుల మీద తేనెటీగలు వాలుతున్నాయి.

తలెత్తేసరికి ఇద్దరు కుర్రాళ్ళు కాలవ దగ్గర వంగి దోసిళ్ళతో నీళ్ళు తాగుతున్నారు. నిరుడు ఆ నీళ్ళే తాగి ఇద్దరు మంచం పట్టారు.

"రేయ్, ఆగండి!" అని బెర్తా కేకేసింది. ఆమె గొంతు అంత పెద్దగా వినడం ఎల్కాకి అదే మొదటిసారి. మోకాళ్ళు పట్టుకుని లేచి, రెండో కూజా, రెండు వట్టి ముంతలు ఎత్తుకుని, కోసిన మోళ్ళ మీద కుంటుకుంటూ నడిచింది.

కాలవ దగ్గర ఇద్దరికీ ముందు పోసింది. వాళ్ళు వాసన చూడలేదు. ఆగలేదు. తల వెనక్కి వాల్చి గటగటా తాగి, ముంత మళ్ళీ ముందుకి చాపారు. రెండోది పోయించుకుంటూ కుంటి గుర్రం గురించి ఏదో మాట్లాడుకుంటున్నారు. బీరు గురించి ఒక్క మాట లేదు. తరవాత ట్రీనా తాగింది. ఆమె పక్కవాళ్ళు తాగారు. ఎవరూ మెచ్చుకోలేదు. ఎవరూ ముంతలో చుక్క మిగల్చలేదు.

బెర్తా ఒకడికి నిండుగా పోసింది. ఇంకొకడికి కూజా అడుగు కదిపి, చిక్కటిది పోసింది. "పొద్దున ఏం తినలేదు కదూ?" అని అడిగింది. అతను సిగ్గుపడి నవ్వాడు.

ఉన్నట్టుండి ఆమె ఆగింది. పొలం అంచున యోస్ అనే ముసలాయన పని మానేసి కూర్చుని ఉన్నాడు. మొహం ఎర్రగా, పొడిగా ఉంది. అందరి చొక్కాలూ తడిసి ఉంటే ఆయన మెడ మీద చెమట చుక్క లేదు.

"ఎల్కా! తడిగుడ్డ తీసుకురా. నీడకి చేర్చు."

ఇద్దరూ పట్టి ఆయన్ని బండి నీడలోకి తెచ్చారు. ఎల్కా గుడ్డ తడిపి ఆయన తల మీద, మెడ మీద వేసింది. దగ్గరున్న తన బీరు ముంత ఎత్తి ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆ వాసన తగలగానే యోస్ మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

"దాహం లేదమ్మా" అని గొణిగాడు.

"తాగండి తాతా, కొంచెం!"

ఆయన పళ్ళు బిగించాడు. ఎల్కాకి ఏడుపొచ్చింది.

బెర్తా నేల మీద కూలబడి, ఆయన తలని ఒళ్ళో పెట్టుకుంది. తన కూజాలోది ఒక ముంతలో కొద్దిగా వంచి, ఆయన పెదాలకి తడి మాత్రం తగిలేట్టు ఆనించి ఊరుకుంది. ఆయన పెదాలు నాక్కున్నాడు. ఇంకొంచెం ఆనించింది. ఒక గుటక. ఆమె చూపు ఆయన గొంతు మీదే ఉంది. చాలాసేపు ఆగి, రెండో గుటక. మూడో గుటకకి యోస్ చెయ్యి పైకి లేచి ముంతని తనే పట్టుకుంది.

బెర్తా గట్టిగా ఊపిరి వదిలింది. మరి కాసేపటికి ముసలాయన నుదుటి మీద చిన్నగా చెమట పోసింది.

పొద్దు వాలాక ఇద్దరూ కూజాలు మోసుకుని తిరిగొచ్చారు. మఠం తలుపు దగ్గర బెర్తా ఆగి, ఎల్కా భుజం మీద చెయ్యి వేసింది.

"నీ పీపా పారబొయ్యకు తల్లీ. పండక్కి ఉంచుదాం. అంత బాగా కాచినవాళ్ళని నేనింతవరకు చూడలేదు."

ఆ మాట కోసం ఎల్కా రెండేళ్ళు ఎదురుచూసింది. ఇప్పుడు వింటుంటే తల ఎత్తలేకపోయింది.

సాయంత్రం ప్రార్థన అయ్యాక మదర్ క్లారా ఆమెను పిలిచింది.

"ఇవాళ పొలంలో రెండు బీర్లూ పోశారటగా. ఎలా ఉన్నాయి? ఎవరిది బాగుంది?"

బెర్తాకి వాసన తెలియదన్న సంగతి ఎల్కా నోటి దాకా రాలేదు.

"నాది అందరూ రుచి చూశారు మదర్" అంది. "తాగడం ఇంకా ఎవరూ తాగలేదు. కొట్టు బాధ్యత నాకు అప్పుడే వద్దు."

మర్నాడు కోతలు రెండో రోజు. బెర్తా పొద్దున్నే పొయ్యి వెలిగించి ఎదురు చూసింది. ఎల్కా రాలేదు. సరుకుల గది తాళంచెవి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతోంది. బెర్తా ఆరా తియ్యలేదు. కట్టెలు వెనక్కి లాగి, మంట ఆర్పేసింది.

పొద్దు నడినెత్తికి వచ్చాక కూజా ఎత్తుకుని పొలానికి వెళ్ళింది. కోతగాళ్ళ వరసలో ట్రీనా పక్కన, అంగీ మోకాళ్ళ పైకి దోపుకుని ఎల్కా కొడవలితో వంగి ఉంది. అరచేతులు బొబ్బలెక్కాయి. తలగుడ్డ తడిసి నుదుటికి అతుక్కుపోయింది.

బెర్తా వరసలో ఒక్కొక్కరికీ పోసుకుంటూ వచ్చి, ఆమె చేతికి కూడా ముంత ఇచ్చింది.

ఎల్కా గటగటా తాగేసి, కళ్ళు తెరవకుండానే ముంత మళ్ళీ ముందుకి చాపింది. బెర్తా పోసింది. అది కూడా అయిపోయింది. మణికట్టుతో మూతి తుడుచుకుని కళ్ళు తెరిస్తే, ఎదురుగా బెర్తా ఆమె గొంతుకేసి చూస్తూ నవ్వుతోంది.

"ఇప్పుడు రా" అంది బెర్తా. "బీరు కాద్దాం."