పిల్లి ఎలుకను ఎందుకు తట్టి చూస్తుంది?

ఒకప్పుడు పిల్లులు ఎలుకలను తినేవి కావు. వరసలు కలుపుకుని ఒకే ఇంట్లో ఉండేవి.

సముద్రం ఒడ్డున పోలమ్మ అనే అవ్వకు తాటాకు ఇల్లు ఉండేది. ఇసుకలో చేపలు ఎండబెట్టుకుని బతికేది. ఆమెకు తోడు ఒక పిల్లి. ఇంటి చూరులో ఒక ఎలుక, దాని పిల్లలు. ఎలుక పిల్లిని మావా అనేది. పిల్లి ఎలుకను కోడలా అనేది.

చూరులోకి పాము రాకుండా చూడడం పిల్లి పని. తాటాకుల్లో గరగరమని చప్పుడైతే చాలు, ఒక్క గెంతులో పైకెక్కి తరిమేసేది.

పోలమ్మకు వయసు మళ్ళాక మరుపు మొదలైంది. పిల్లికి చేప పెట్టిందో లేదో గుర్తుండేది కాదు. "తిన్నావురా?" అని అడిగేది. కడుపునిండా తిని మూతి నాక్కుంటూ కూడా పిల్లి లేదనేది. అవ్వ అయ్యో పాపం అని మళ్ళీ పెట్టేది.

అలా తిని తిని పిల్లి ఉప్పుబస్తాలా తయారైంది. పొట్ట ఇసుకలో గీత గీసుకుంటూ పోయేది. గోడ ఎక్కబోతే సగంలోనే జారి, కింద ఉన్న చేపల తట్టలో కూలబడేది. కాకులు వచ్చి చూసి నవ్విపోయేవి.

ఇంతలో వానలు దగ్గరపడ్డాయి. నేల తడిస్తే పాములు పొడి చోటు వెతుక్కుంటూ చూరుల్లోకి వస్తాయి. ఎలుకకు నిద్ర పట్టలేదు.

"మావా, నువ్వు పైకి రాలేకపోతే నా పిల్లలు పాము పాలే" అంది.

పిల్లి సిగ్గుపడింది. కానీ లేవడానికి బద్ధకం.

ఎలుక వలతాడు ముక్కొకటి నోట కరిచి, పిల్లి ముక్కు ముందు ఇసుకలో ఈడ్చింది. మొదటిరోజు పిల్లి కళ్ళు మాత్రమే తిప్పింది. మర్నాడు చెయ్యి చాపింది. ఆ తర్వాత లేచి నాలుగడుగులు వేసి, ఆయాసపడి కూలబడింది.

"మావ పెళ్ళినడక నడుస్తున్నాడు" అని ఎలుక వెక్కిరించింది. పిల్లికి పౌరుషం వచ్చి ఇంకో నాలుగడుగులు వేసింది.

తర్వాత తాడు పోయింది, ఎలుకే పరుగు మొదలుపెట్టింది. తాను ముందు, పిల్లి వెనక. ఎలుకకు ఒక చిలిపి అలవాటు ఉండేది. పిల్లి దగ్గరికి రాగానే చచ్చినట్టు వెల్లకిలా పడిపోయేది. పిల్లి వంగి పాదంతో మెల్లగా తట్టేది. తట్టగానే ఎలుక లేచి తుర్రుమనేది. పిల్లి పడీపడీ నవ్వుతూ మళ్ళీ వెంటపడేది.

అవ్వ "తిన్నావురా?" అంటే ఇప్పుడు తిన్నానని నిజం చెప్పేది. చెప్పాక చేపల తట్ట వైపు చూడకుండా ఉండడమే కష్టమయ్యేది.

పొట్ట తగ్గింది. నడుం సన్నబడింది.

తొలివాన పడిన రోజే పాము వచ్చింది. పిల్లి నేల మీదనుంచి ఒక్క గెంతులో చూరు అందుకుంది. పాము తోక ముడిచి వాననీళ్ళలో పడి పారిపోయింది. ఎలుక పిల్లలను లెక్క చూసుకుంది. అందరూ ఉన్నారు.

ఇద్దరికీ సంతోషం పట్టలేదు. వాన వెలిశాక తడి ఇసుకలో ఆటకు దిగారు. ఎలుక ఎప్పటిలా పరిగెత్తింది. ఆ దూరం మునుపటి బరువు పిల్లికి అందేది కాదు కానీ, ఈ కొత్త పిల్లికి అందుతుంది. పిల్లి కూడా తాను ఎంత మారిందో మరిచిపోయింది. ఒళ్ళు తెలియకుండా ఎగిరి, నేరుగా ఎలుక మీద పడింది.

ఎలుక వెల్లకిలా పడి ఉంది.

పిల్లి నవ్వింది. వంగి పాదంతో తట్టింది. కదల్లేదు. ఇంకోసారి తట్టింది. కాస్త దూరం జరిగి కూర్చుని ఎదురుచూసింది.

"లే కోడలా. ఇక నవ్వలేను."

దగ్గరికి వచ్చి మళ్ళీ తట్టింది. అప్పుడే చూరులోంచి ఎలుక పిల్లలు తొంగి చూశాయి. తల్లి మీద పిల్లి పాదం కనపడింది. పిల్లి ఇది ఆటేనని చెప్పబోయింది. వినడానికి అవి ఆగలేదు. ఊళ్ళో ఉన్న ఎలుకలన్నిటికీ చూసింది చెప్పుకుంటూ పారిపోయాయి.

మర్నాటికి పోలమ్మ అన్నీ మరిచిపోయింది. "నీ కోడలేదిరా, కనపడదేం?" అని అడిగింది. పిల్లి చెప్పింది. అవ్వ ఏడ్చింది. ఆ మర్నాడూ అలాగే అడిగింది. ప్రతి పొద్దునా పిల్లి ఆ మాట కొత్తగా చెప్పాల్సి వచ్చేది. ఆ తర్వాత అవ్వ "తిన్నావురా?" అనేది. ఏమీ తినకపోయినా పిల్లి తిన్నాననేది.

కాలం గడిచింది. ఆ పిల్లికి పిల్లలు పుట్టాయి, వాటికి పిల్లలు పుట్టాయి. ఎలుకలు కనపడగానే పారిపోయేవి, పిల్లులు తరిమేవి. ఆకలికి వరసలు గుర్తుండవు. తినడం కూడా మొదలైంది.

అప్పటినుంచే పిల్లి ఎలుకను పట్టిన వెంటనే తినదు. కింద పెడుతుంది. పాదంతో మెల్లగా తడుతుంది. కాస్త దూరం జరిగి కూర్చుని చూస్తుంది. ఏడిపిస్తోందని మనం అనుకుంటాం. ఎందుకలా చేస్తుందో దానికీ తెలియదు. మావ వరస మరిచింది, కోడలిని మరిచింది. పాదం మాత్రం మరవలేదు. లేచి పరిగెత్తుతుందేమోనని ఇంకోసారి తట్టి చూస్తుంది.