మొదటి ముద్ద

మండపేటలో సోమయాజులు అనే వంటమేస్త్రి ఉండేవాడు. వెయ్యిమందికి తక్కువైతే అది వంటే కాదని అతని గర్వం.

ఆ గర్వానికి కారణం లేకపోలేదు. పందిరి వెనక గాడిపొయ్యి తవ్వించి, నాలుగు గుండిగలు ఎక్కించి, అతను తెడ్డు పట్టుకుని నిలబడితే మంట కూడా భయభక్తులతో మండేది. పనసపొట్టు కూరకు ఆవ పెడితే కాలవ అవతల ఊరివాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. ఒకసారి ఒక పెళ్ళికి మగపెళ్ళివారు రెండు లారీల్లో వస్తామని చెప్పి ఏడు లారీల్లో దిగారు. సోమయాజులు కనురెప్ప కదపలేదు. తలగుడ్డ బిగించి, ముప్పావుగంటలో ఏడు లారీల జనానికీ పూర్ణబ్బూరెలు తినిపించాడు. దారి తప్పి ఎనిమిదో లారీ వస్తే దాని డ్రైవరుకు కూడా నాలుగు మిగిలాయి. ఇది కల్పన కాదు. ఆ పెళ్ళిలో డోలు కొట్టింది నేనే. ముప్పైరెండు బూరెలు తిన్నాను. ముప్పైమూడోది మర్యాద కోసం వదిలేశాను.

సోమయాజులుకు ఒక నియమం ఉండేది. వడ్డన పూర్తయ్యేవరకు తను వండింది తను రుచి చూసేవాడు కాదు. ముందు దేవుడు, తరవాత అతిథులు, ఆ తరవాతే వంటవాడు. గుండిగ మీద మూత ఓరగా తీసి, ఒక్కసారి వాసన పీల్చి, "ఇంకో చారెడు ఉప్పు" అనేవాడు. ఆ చారెడు వేస్తే ఒక రవ్వ ఎక్కువయ్యేది కాదు, ఒక రవ్వ తక్కువయ్యేది కాదు. జనమంతా తిని లేచాక అతను ఇంత మజ్జిగ అన్నం తిని నడుం వాల్చేవాడు. ఇరవై ఏళ్ళుగా జిల్లా అంతా లొట్టలు వేసిన వంట రుచి అతనొక్కడికే తెలియదు.

అతని భార్య భ్రమరాంబ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. మా ఊళ్ళో సగంమంది ఆవిడ చేతుల్లోనే మొదటిసారి ఏడ్చారు. వాళ్ళకు తొమ్మిదేళ్ళ కూతురు మైథిలి, నాలుగేళ్ళ కొడుకు కాశి. తండ్రి ముహూర్తాల వెంట, తల్లి డ్యూటీల వెంట పరుగెడుతుంటే పిల్లల్ని అమ్మమ్మ చూసుకునేది. ఒక కార్తీకమాసంలో అమ్మమ్మ పెద్దకూతురు మంచాన పడింది. అమ్మమ్మ విజయనగరం వెళ్ళిపోయి, ఇక తిరిగి రాలేనని ఉత్తరం రాసింది.

ఆనాటి నుంచి కాశి తిండి మానేశాడు. అక్క పెట్టినా, పక్కింటావిడ పెట్టినా పెదవులు బిగించేవాడు. తల్లి బతిమాలితే రెండు ముద్దలు మింగేవాడు. నెల తిరిగేసరికి నిక్కరుకు మొలతాడు కట్టినా నిలవలేదు. ఆసుపత్రిలో డాక్టరు వాణ్ణి తూచి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రోగమేమీ లేదు, భ్రమరాంబగారూ. పక్కన కూర్చునే మనిషి కావాలి, అంతే. ఇంకో నెల ఇలాగే గడిస్తే మాత్రం నా మందులకు లొంగడు" అన్నాడు.

ఆ సాయంత్రం భ్రమరాంబ రాజీనామా కాగితం రాసి భర్త ముందు పెట్టింది.

"నేను మానేస్తానండీ. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి."

"నువ్వు మానేస్తే ఈ ఊళ్ళో పురుళ్ళు ఎవరు పోస్తారు, నేనా?" అన్నాడు సోమయాజులు. "ఆ కాగితం పది రోజులు పెట్టెలో పడెయ్. నా కొడుకు అన్నం తినకపోవడమేమిటి? నేను పప్పులో పోపు వేస్తే రాతి బసవన్న కూడా నోరు తెరుస్తాడు."

"రాతి బసవన్నకు నాలుగేళ్ళు కాదండీ" అంది భ్రమరాంబ. అలా అన్నా కాగితం పెట్టెలో పెట్టింది.

మర్నాడు ఆవిడ డ్యూటీకి వెళ్ళగానే సోమయాజులు తలగుడ్డ చుట్టి వంటింట్లో అడుగుపెట్టాడు. బియ్యం డబ్బా ముందు ఆగిపోయాడు.

"మైథిలీ, నలుగురికి ఎన్ని బియ్యం పోస్తారే?"

"మూడు గ్లాసులు, నాన్నా."

"గ్లాసుతో నీళ్ళు తాగుతారు గానీ బియ్యం కొలుస్తారుటే?" అని అటక మీద నుంచి కుంచం దింపాడు.

ఆ రోజు మా వీధిలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. పప్పు, పులిహోర, కంద బచ్చలి కూర, బూరెలు మా గుమ్మాలకే వచ్చాయి. వీధిలో తిరిగే ఆవులకు ఆ పూట గడ్డి సయించలేదు. కాశి మాత్రం ఆ అన్నపు కొండను చూసి జడుసుకుని తలుపు వెనక దాక్కున్నాడు.

రెండో రోజు గారెలు. మూడో రోజు చక్కెర పొంగలి. నాలుగో రోజు సోమయాజులు మనసులో దండం పెట్టుకుని, పెద్ద పెళ్ళిళ్ళలో మాత్రమే చేసే పాలతాలికలు చేశాడు. కాశి పెదవులు కదల్లేదు. లక్ష విస్తళ్ళు నింపిన చెయ్యి ఒక్క చిన్న నోరు తెరిపించలేకపోయింది.

ఆరో రోజు గరిటె కింద పెట్టి, వంటింటి గడప మీద కూలబడ్డాడు. మైథిలి వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, నువ్వు తినవుగా" అంది.

"నేను తినకపోతే వాడికేం?"

"అమ్మమ్మ ముందు తను ఒక ముద్ద తినేది. 'అబ్బ, ఎంత బాగుందో, నీకు పెట్టను పో' అనేది. అప్పుడు వాడు నోరు తెరిచేవాడు. నువ్వేమో గరిటె పట్టుకుని నిలబడి చూస్తావు, పెళ్ళిలో వడ్డించినట్టు."

సోమయాజులు కంచం వైపు, తలుపు వైపు చూశాడు. ఇరవై ఏళ్ళ నియమం మరి. తలగుడ్డ విప్పి మడిచి పక్కన పెట్టాడు. కింద బాసింపట్టు వేసుకుని, కంచంలో పప్పన్నం కలిపి, మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకున్నాడు.

కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ముక్కు కారింది.

"ఏమిటే మైథిలీ, ఇంత కారం?"

"నీ వంట ఎప్పుడూ ఇంతే, నాన్నా. పెళ్ళి వంట."

తలుపు వెనక నుంచి కిసుక్కుమని నవ్వు వినబడింది. నెలన్నర తరవాత కాశి నవ్వడం అదే మొదలు.

సోమయాజులు మళ్ళీ పొయ్యి వెలిగించాడు. ఈసారి ఒక్క గ్లాసు బియ్యం. గుప్పెడు పప్పు. మిరపకాయ లేదు. ఇంత నెయ్యి వేసి కలిపి, ముందు తను తిని, "బాగుంది. నీకు పెట్టను" అన్నాడు. తలుపు వెనక నుంచి కాశి ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చాడు. ఆ పూట మూడు ముద్దలు తిన్నాడు. ఏడు లారీల జనం తిన్న రోజున కూడా సోమయాజులు అంత పొంగిపోలేదు.

పది రోజులన్నది మూడు నెలలైంది. పెళ్ళివాళ్ళు కబురు చేస్తే రానని చెప్పించాడు. జడలు వెయ్యడం నేర్చుకున్నాడు. అతను వేసిన జడ గాలివానకు కూడా చెదరదని బళ్ళో పంతులమ్మలు చెప్పుకునేవారు. కాశి బుగ్గలు బూరెలయ్యాయి. కాఫీ హోటలు ముందు మాత్రం మాటలు లేచాయి.

"ఏం మేస్త్రీ, వెయ్యిమందికి వండే చేత్తో గ్లాసెడు బియ్యం కడుగుతున్నావట? ఆవిడ ఉద్యోగానికెళ్తే నువ్వు ఎసరు పెడుతున్నావట?"

"అవునర్రా" అనేవాడు సోమయాజులు. "వెయ్యిమందిలో ఒకడికి రుచించకపోతే ఎవరికీ తెలియదు. మా ఇంట్లో తినేవాడు ఒక్కడే. వాడు మూతి తిప్పితే పందిరంతా లేచిపోయినట్టే. చేతనైతే వచ్చి వండండి చూద్దాం."

ఫాల్గుణంలో భీమవరం నుంచి మిల్లు యజమాని సత్తిరాజుగారు కారులో వచ్చాడు.

"మా అమ్మాయి పెళ్ళండి, సోమయాజులు గారూ. ఐదు రోజులు, ఐదు వేలమంది. మీ చేతి దప్పళం తింటేగానీ తాళి కట్టించనని మా వియ్యంకుడు పంతం పట్టాడండి. పందిట్లో అందరి ముందూ మీ చేతికి బంగారు కంకణం తొడుగుతాను. ఈ జిల్లాలో ఏ వంటాయనకీ జరగలేదండి, ఆయ్."

సోమయాజులు ఛాతీ పందిరి రాటలా లేచింది. భార్య వైపు చూశాడు.

"వెళ్ళండి. ఇలాంటి పిలుపు మళ్ళీ రాదు. నేను ఎలాగో సర్దుకుంటాను" అంది భ్రమరాంబ.

ఆవిడకు సెలవులు అయిపోయాయి. సర్దుకోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆ మాట అంటూ ఆవిడ రాజీనామా కాగితమున్న పెట్టె వైపు చూడడం సోమయాజులు కంటపడింది. కంటపడినా కారెక్కాడు.

పెళ్ళి రెండో రోజు పొద్దున్న మా మేళం భీమవరం చేరింది. పందిరి వెనక ఐదు గాడిపొయ్యిలు. మా ఊరి చెరకు గానుగలు కూడా అన్ని పొయ్యిలు చూడలేదు. నన్ను చూడగానే సోమయాజులు తెడ్డు వదిలి వచ్చాడు.

"మావాడెలా ఉన్నాడు?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. గొప్పలు చెప్పడం వేరు, తండ్రికి అబద్ధం చెప్పడం వేరు. నోరు రాలేదు.

"మీరు వెళ్ళిన దగ్గర్నుంచి ముద్ద ముట్టలేదు. తలుపు వెనకే కూర్చున్నాడు. నిన్న భ్రమరాంబమ్మగారు డ్యూటీకి వెళ్ళలేదు" అన్నాను.

అతను వెనక్కి తిరిగాడు. దప్పళం గుండిగ దగ్గరకు వెళ్ళి మూత తీశాడు. వాసన పీల్చలేదు. గరిటెతో ఇంత తీసి, అరచేతిలో పోసుకుని, నోట్లో వేసుకున్నాడు. కూరలు తరిగే కత్తిపీటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"కారం ఎక్కువైంది. కాశి తినలేడు" అన్నాడు.

అతని పెద్ద శిష్యుడు వీరభద్రం దగ్గరకు వచ్చాడు. "గురువుగారూ, నైవేద్యం కాలేదు, వడ్డన కాలేదు. గుండిగంతా ఎంగిలైపోయింది."

సోమయాజులు తన అరచేతి వైపు చూసుకున్నాడు. కట్టెల మోపు మీద కాసేపు కూర్చున్నాడు. తరవాత లేచి, ఆ గుండిగను పక్కకు దింపించి, విస్తళ్ళు వేసేలోగా మరో గుండిగ దప్పళం తనే దింపాడు. ఎంగిలైన గుండిగను మేళంవాళ్ళం తొమ్మిదిమందిమి ఖాళీ చేశాం. ఆ తరవాత నేను వాయించిన డోలుకు భీమవరంలో కొబ్బరిచెట్లు కాయలు రాల్చాయి.

మధ్యాహ్నం వడ్డనలు ముగిశాయి. సోమయాజులు చేతులు కడుక్కుని, తెడ్డు వీరభద్రం చేతిలో పెట్టాడు. సత్తిరాజుగారు పరుగున వచ్చాడు.

"ఇదేంటండీ? ఇంకా మూడు రోజులుంది. రేపు పందిట్లో కంకణమండి."

"రాజుగారూ, ఐదు వేలమందికి వండుతూ ఒక్కడి నోటికి రుచి చూశాను. ఇక ఈ చెయ్యి మీకు పనికిరాదు. వీరభద్రం నా దగ్గర పదిహేనేళ్ళు పనిచేశాడు. వాడు వండితే మీకు తేడా తెలియదు. మా ఇంట్లో నా బదులు ఎవరు కూర్చున్నా మావాడికి తెలిసిపోతుంది."

సత్తిరాజుగారు తల ఊపాడు. తరవాత డ్రైవర్ని కేకేసి, "అయ్యగారిని దీపాలు పెట్టేలోగా మండపేటలో దించు" అన్నాడు.

ఇంటికి చేరేసరికి భ్రమరాంబ నట్టింట్లో కూర్చుని ఉంది. పక్కన పెట్టె తెరిచి ఉంది. కాగితం ఆవిడ ఒళ్ళో ఉంది. మైథిలి కంచం ముందు పెట్టుకుని, "రారా కాశీ, ఒక్క ముద్ద" అంటోంది. తలుపు వెనక నుంచి రెండు పాదాలు మాత్రం కనబడుతున్నాయి.

సోమయాజులు కాళ్ళు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలిపి, మొదటి ముద్ద తన నోటి దగ్గరకు ఎత్తాడు. తలుపు వెనక నుంచి కాశి వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు కాదు. నేను పెడతాను."

ఆ చిట్టి వేళ్ళతో ముద్ద సగం తుంచి తండ్రి నోట్లో పెట్టాడు.

"బాగుందా?"

"బాగుంది" అన్నాడు సోమయాజులు. ఈసారి కారం లేకపోయినా కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి.

"అయితే ఇప్పుడు నాకు పెట్టు" అని కాశి నోరు తెరిచాడు.

భ్రమరాంబ ఆ కాగితంతోనే పొయ్యి ముట్టించి పాలు కాచింది.

వారం తరవాత వీరభద్రం కొత్త కంకణంతో వచ్చి, అది తీసి గురువుగారి పాదాల దగ్గర పెట్టాడు. సోమయాజులు దాన్ని తిరిగి శిష్యుడి చేతికే తొడిగాడు.

"నీ చేతికే బాగుందిరా. నా చేతికి ఎప్పుడూ అన్నం అంటుకుని ఉంటుంది" అన్నాడు.

ఆ తరవాత అతను మళ్ళీ గాడిపొయ్యి ముందు నిలబడలేదు. ఇంట్లోనే ఉండి ఇద్దరు పిల్లల్నీ పెంచాడు. కాశి పన్నెండేళ్ళకే నా డోలును ఒంటిచేత్తో ఎత్తి అటక మీద పెట్టాడు. నేనే రెండు చేతులా ఎత్తలేని డోలు అది. ఎవరైనా ఆ కుర్రాణ్ణి, "మీ నాన్న ఎంతమందికి వండేవాడురా?" అని అడిగితే, "నాకు వండేవాడు" అనేవాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఈ కథలోని నీతి ఇది: వెయ్యి విస్తళ్ళు నింపే చేతులు వెతికితే దొరుకుతాయి, పిల్లవాడి పక్కన కూర్చుని మొదటి ముద్ద పంచుకునే మనిషికి మారు మనిషి దొరకడు. అలా పక్కన కూర్చోవడానికి గొప్ప పనిని వదులుకున్నవాళ్ళు చిన్నవాళ్ళు కారు, అందరికంటే గొప్పవాళ్ళు.