సోమయాజులు గారి కుర్చీ

మా గురువుగారికి ఒక పాడు అలవాటు ఉండేది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత గొడుగు తీసుకుని లేస్తారు. వెనకాల నడవడం మన వంతు. ప్లీడరీ మానేశాక మాలాంటి కుర్ర వకీళ్ళకి చట్టం చెప్పేవారాయన. సెక్షన్ల కంటే వీధులే ఎక్కువ నేర్చుకున్నాం.

ఆ పుష్యమాసం ఉదయం భుజంగరావు అడిగాడు: "గురువుగారూ, ఒక గొప్ప మనిషి బతుకుని ఎలా గౌరవించాలండీ?"

అడగడానికి కారణం ఉంది. అతని సీనియరు సోమయాజులు గారు పోయి పదిహేను రోజులైంది. నలభై ఏళ్ళు పేదల వకీలు, రెండుసార్లు మునిసిపల్ ఛైర్మను. పది గంటలకి ఆయన ఆఫీసులోనే సంతాప సభ, మొదటి మాట భుజంగరావుది. ఎనిమిది పేజీలు రాశాడు, చింపాడు, మళ్ళీ రాశాడు. అక్కడ నోరు పెగలక ఆయన పరువు తీస్తానేమోనని అతని బెంగ. గురువుగారు గొడుగు తీశారు.

నాగావళి ఏటి మీంచి వచ్చిన మంచు ఇంకా వీధుల్లోనే ఉంది. మనుషులు, రిక్షాలు అలా కనిపించి ఇలా కరిగిపోతున్నాయి. సోమయాజులు గారి ఆఫీసు గదిలో పాత కేసు కట్టల వాసన, ఆయన నశ్యం వాసన. ఏ క్షణాన్నో లోపల్నించి దగ్గుతూ వస్తారనిపించి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన కుర్చీలో దండ వేసిన ఫోటో పెట్టి, ఎవరూ కూర్చోకుండా చుట్టూ తాడు కట్టారు మా బార్ అసోసియేషన్ వాళ్ళు. ఎంత మర్యాదో!

జనం చేరుతుండగా మంచులోంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఏటి అవతల గుడిసెల్లో ఉండే గైరమ్మ. ఆయన పోయిన సంగతి ఆమె దాకా చేరలేదు. ఫోటో చూసి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత తాడు కిందనుంచి దూరి, ఫోటో ఎత్తి పక్క బెంచీ మీద పెట్టి, తను కుర్చీలో కూర్చుంది.

"ఓసి నీ అసాధ్యం! అది ఎవరి కుర్చీ అనుకున్నావే?" అని అసోసియేషన్ కార్యదర్శి అరిచాడు.

"నాదే బాబూ," అంది గైరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మాలాటోళ్ళని ఇందులో కూకోబెట్టి, తను బెంచీ మీద కూకుని రాసుకునీవోరు. నిలబడ్డోళ్ళు సగమే సెప్తారనీవోరు." చేతిలో నలిగిన నోటీసు ఉంది. "సోమారానికి గుడిసి ఖాళీ సెయ్యాలంట. ఇప్పుడెవులికి సెప్పుకోను?"

కార్యదర్శి ఆమెను లేపబోతే గురువుగారు గొడుగు అడ్డం పెట్టారు.

భుజంగరావు ముఖం పాలిపోయింది. పదేళ్ళు రోజూ చూసిన సంగతి, ఎనిమిది పేజీల్లో ఎక్కడా రాయలేదు. నెమ్మదిగా వెళ్ళి బెంచీ మీద ఫోటో పక్కన కూర్చున్నాడు. ఉపన్యాసం కాగితాలు వెనక్కి తిప్పి, పెన్ను మూత తీశాడు.

"చెప్పమ్మా, మొదట్నించీ చెప్పు."

గొంతు ఏమాత్రం వణకలేదు.

బయట కారు ఆగింది. కార్యదర్శి కంగారుగా గురువుగారి చెవిలో, "జడ్జిగారు వచ్చేశారండీ. సభ మొదలెట్టొద్దూ?" అన్నాడు.

గురువుగారు కళ్ళు మూసుకుని అన్నారు: "మొదలైంది కదటోయ్. చప్పుడు చెయ్యకుండా వచ్చి కూర్చోమను."