మంగతాయి తోటలో రెండు రోజులు

అనగనగా అంటే ఎంతకాలం కిందటని మాత్రం నన్నడక్కండర్రా. మా అమ్మమ్మకి వాళ్ళమ్మమ్మ చెప్పేనాటికే ఇది పాతకథ. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి. కానీ విని కొట్టండి. వినకుండా ఊఁ కొడితే ఎంత కొంప మునుగుతుందో ఈ కథలోనే ఉంది.

ఒక ఊళ్ళో ఒక నేతవాళ్ళ ఇల్లు. ఆ ఇంటి కొడుకు భావన్న. కోడలు అచ్చమ్మ. అత్తగారు పేరమ్మ. తెల్లారితే భావన్న మగ్గం గుంటలో దిగుతాడు. అచ్చమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతుంది. "కండె" అంటాడు ఆయన. "ఇదిగో" అంటుంది ఆమె. పెళ్ళయి మూడేళ్ళు. ఇంటినిండా జనం. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకున్న మాటలు ఆ రెండే.

నేతవాళ్ళకొక కట్టుబాటుంది. పడుగు పోగులు లెక్కపెట్టేటప్పుడు నోరు తెరవకూడదు. తెరిస్తే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే చీర పాడు. అందుకని అప్పుడు ఎవరేమడిగినా "ఊఁ" అనేసి ఊరుకుంటారు.

ఒకనాడు భావన్న పోగులు లెక్కపెడుతున్నాడు. పేరమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

"ఏరా, ఇవాళ అరటికాయ వండమంటావా?"

"ఊఁ."

"మీ మేనమామ పంచె అడిగాడు, ఇచ్చేదా?"

"ఊఁ."

"మూడేళ్ళయినా కోడలి కడుపు పండలేదు. పుట్టింటికి పంపేసి, నీకింకో పిల్లను చూడమంటావా?"

"ఊఁ."

రాట్నం దగ్గరున్న అచ్చమ్మ ఆ మాట విన్నది. చేతిలో పోగు తెగింది. ఏమయ్యా, ఎందుకన్నావని అడగొచ్చుగా! అడగలేదు, పిచ్చిమొహం. తెగిన పోగు ముడేసుకుని మళ్ళీ రాట్నం తిప్పుకుంది. సోమవారం బండి కట్టుకొచ్చి నీ కూతుర్ని తీసుకుపొమ్మని పేరమ్మ వియ్యంకుడికి కబురు పంపేసింది. కొడుక్కి మళ్ళీ చెప్పాలా ఏం? వాడు ఊఁ అన్నాడుగా!

ఏటికి అవతల ఒక తోట ఉండేది. పిచ్చయ్య, ఆయన పెళ్ళాం వీరమ్మ, వాళ్ళ పిల్లలు, అందరూ కలిసి ఆ తోటలోనే ఉండి కూరగాయలు పండించేవాళ్ళు. పిచ్చయ్య అక్క పేరు మంగతాయి. మొగుడు పోయాక తమ్ముడి పంచన చేరింది. పొయ్యి దగ్గర మంగతాయే, పేడకళ్ళ దగ్గర మంగతాయే, పాదుల దగ్గరా మంగతాయే. ఆమె ముతకచీర కొనుక్కుందామని నేతవాళ్ళింటికి వచ్చింది. అచ్చమ్మ మొహం చూసింది. నేరుగా పేరమ్మ దగ్గరికి పోయింది.

"అక్కా, నీ కొడుకునీ కోడల్నీ రెండ్రోజులు మా తోటకు పంపు."

"పెళ్ళా?"

"కాదు."

"చావా?"

"ఛ ఛ, అవేం మాటలు!"

"మరి జాతరా?"

"అదీ కాదక్కా. ఊరికే."

"ఊరికే ఏమిటే? మొగుడూ పెళ్ళాం పనీపాటా మానేసి ఊరికే ఊరేగితే లోకం గడ్డి పెట్టదూ?"

మంగతాయి నవ్వింది. "అయితే ఊరికే వద్దులే. మా పాదులెండిపోతున్నాయి. గూడ వేసి నీళ్ళు ఎత్తిపోయడానికి జంట లేదు. రెండ్రోజులు పనిచేసిపెడితే బుట్టెడు వంకాయలు ఇచ్చి పంపుతా."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అంది పేరమ్మ. మంగతాయి తెలివంటే అదీ.

శనివారం పొద్దున్నే ఇద్దరూ ఏరు దాటారు. ఆయన ముందు, ఆమె వెనక. వీరమ్మ చల్ల ఇచ్చింది. పిచ్చయ్య ముంజెలు కొట్టి పెట్టాడు. మంగతాయి తన పాక ఊడ్చి, అలికి, వాళ్ళకిచ్చేసింది. తన చాప తీసుకెళ్ళి గేదెల కొట్టంలో వేసుకుంది. తర్వాత రోటి దగ్గరికి పిలిచి ఇద్దరికీ చెరో రోకలి ఇచ్చింది.

"మగాణ్ణి, నేను రోకలి పట్టడమేమిటి పిన్నీ?" అన్నాడు భావన్న.

"ఇక్కడ చూసేదెవరు నాయనా, గేదెలు తప్ప?"

ఒక్క రోట్లో రెండు రోకళ్ళు. ఒకటి లేస్తే ఒకటి పడాలి. వీళ్ళవి రెండూ ఒక్కసారే పడి ఢీకొన్నాయి. వడ్లు నేలపాలు.

"తొందరేం లేదు నాయనా. మళ్ళీ" అంది మంగతాయి.

తర్వాత తిరగలి దగ్గర కూర్చోబెట్టింది. ఈయన ఇటు తిప్పితే ఆమె అటు తిప్పింది. పప్పు పప్పుగానే ఉంది.

"తొందరేం లేదు నాయనా. మళ్ళీ."

ఎండ వాలాక కాలవ గట్టుకు తీసుకుపోయి గూడ ఇచ్చింది. గూడంటే తెలుసుగా? తాళ్ళు కట్టిన పెద్ద బుట్ట. కాలవకి ఈ పక్కొకరు, ఆ పక్కొకరు నిలబడి తాళ్ళు పట్టుకుని ఊపి, ముంచి, ఎత్తి, మడిలోకి పోయాలి. ఇద్దరి ఊపూ ఒకటైతేనే నీళ్ళు పైకొస్తాయి. వీళ్ళ గూడ ఎగిరెగిరి అచ్చమ్మ నెత్తిన కుమ్మరించింది.

"నువ్వు ముందే లాగావు!" అంది అచ్చమ్మ.

"నువ్వే ఆలస్యం చేశావు!"

"లాగేముందు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నువ్వడగొచ్చుగా?"

"అడిగితే చెప్పే మనిషివా నువ్వు? నన్ను పుట్టింటికి తోలేసి ఇంకోదాన్ని తెచ్చుకోడానికి ఊఁ అన్నావే, అప్పుడు నన్నొక్కమాట అడిగావా? ఎల్లుండి మా నాన్న బండి వస్తోంది. నీ పీడ విరగడవుతుందిలే!"

భావన్న చేతిలో తాళ్ళు జారిపోయాయి.

"నేనన్నానా? ఎప్పుడు?"

"మొన్న, పోగులు లెక్కపెడతా."

"ఓసి నీ... పోగులు లెక్కపెట్టేటప్పుడు నీ తల నరకమంటావా అన్నా ఊఁ అనేవాణ్ణే! అమ్మ ఏమడిగిందో నా చెవిన పడితేగా! నువ్వు మొహం ముడుచుకు తిరుగుతుంటే, నాతో కాపురం నీకే ఇష్టం లేదేమో అనుకున్నాను."

"నాకిష్టం లేదా? ఇష్టం లేకపోతే ఇంత ఏడుపెందుకయ్యా?"

ఆమె గట్టు మీద కూలబడి భోరున ఏడ్చింది. భావన్న కాలవలో దిగి, మొలలోతు నీళ్ళల్లో నడిచి ఇవతలికొచ్చి, ఆమె పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు. మంగతాయి వంగపాదుల్లోంచి అంతా విన్నది. కళ్ళొత్తుకుంది. "తొందరేం లేదు నాయనా. పాదులు రేపైనా తడుస్తాయి" అని వంటకు పోయింది.

మర్నాడు చూడాలి ఆ జంటని! గూడ ఊపుతూ ఒకటే మాటలు. చిన్నప్పటి సంగతులు, పడ్డ దెబ్బలు, భయపడ్డ దయ్యాలు. మూడేళ్ళ మాటలూ ఒక్కరోజులో అయిపోవాలన్నట్టు. నీళ్ళు వంగతోట దాటి ఉల్లిమడి దాకా పారాయి.

పోయేముందు అచ్చమ్మ అడిగింది. "పిన్నీ, పాక మాకిచ్చి నువ్వు పేడలో పడుకున్నావు. మేం నీకేమవుతామని?"

"నేను మా ఆయనతో ఆరేళ్ళు కాపురం చేశానమ్మా. ఇంటినిండా జనమే. ఇప్పుడు తలుచుకుందామంటే ఆయన గొంతెట్టా ఉండేదో గుర్తుకు రాదు" అంది మంగతాయి, బుట్టలో వంకాయలు సర్దుతూ.

సోమవారం వీళ్ళు ఇంటికి చేరేసరికి గుమ్మం ముందు మామగారి బండి. భావన్న తల్లి ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఆరోజు వినకుండా ఊఁ అన్నాను. ఇప్పుడు విని చెబుతున్నాను. అచ్చమ్మ ఎక్కడికీ పోదు. పిల్లలు పుట్టినా పుట్టకపోయినా పోదు."

పేరమ్మ ఇల్లెగిరిపోయేట్టు అరిచింది. అరిచీ అరిచీ అలిసి, వాడిపోతున్నాయి కదాని ఆ వంకాయలే కూర వండి వియ్యంకుడికి వడ్డించింది. ఆయన కడుపునిండా తిని, ఖాళీ బండి తోలుకుని, సంతోషంగా వెళ్ళిపోయాడు.

ఆ కబురు ఊరూరా పాకింది. పోట్లాడుకున్న జంట, మాట్లాడుకోని జంట, కొత్తజంట, పాతజంట, అందరూ మంగతాయి తోటకే. ఎవరొచ్చినా ఆమె పాక ఇచ్చి కొట్టంలోకి పోయేది. ఏం తింటారని అడిగి అదే వండేది. ఏళ్ళు గడిచాయి. జుట్టు నెరిసింది, నడుం వంగింది. ఒకరోజు వంగపాదుల్లోనే ఒరిగిపోయింది మహాతల్లి.

కడుపున పుట్టినవాళ్ళు లేరు, పాడె ఎవరు మోస్తారని పిచ్చయ్య దిగులుపడ్డాడు. ఏటి ఒడ్డున చూస్తే జనమే జనం. జంటలు జంటలుగా వచ్చారు. నేను మోస్తానంటే నేను మోస్తానని మగాళ్ళు తోసుకున్నారు. భావన్నా అచ్చమ్మా తాము నేసిన మెత్తటి సన్నచీర తెచ్చి కప్పారు. ముతకచీర తప్ప ఎరగని ఒంటికి అదే మొదటి సన్నచీర.

పెద్దకర్మ నాడు ఆకు వేశారు. పోయినవాళ్ళకు ఇష్టమైనది వడ్డించాలి గదా. వీరమ్మ గరిటె ఎత్తి ఆగిపోయింది.

"ఏమయ్యా, వదినకేమిష్టం?"

"నాకేం తెలుసు? ఒకే పొయ్యి దగ్గరున్నదానివి నువ్వు" అన్నాడు పిచ్చయ్య.

జంటల్ని అడిగారు. "మాకు గుత్తివంకాయ వండింది" అన్నారొకరు. "మాకు పులగం" అన్నారొకరు. "మాకు బెల్లం వేసి గుమ్మడికాయ" అన్నారొకరు. ఆమెకేమిష్టమో చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు.

అచ్చమ్మకు దుఃఖం ఆగలేదు. "అడిగి తెలుసుకోవడం నేర్పి మా కాపురాలు నిలబెట్టిన తల్లి! ఆమెనే ఒక్కమాట అడగలేకపోయామే!"

అన్నీ వండారు, అన్నీ పెట్టారు. కాకి రాలేదు. అచ్చమ్మ ఆకు ముందు చేతులు జోడించింది. "అమ్మా, నీ రుణం తీరేది కాదు. ఇక మా ఇళ్ళల్లో వండిపెట్టే మనిషిని అడక్కుండా మేం తినం" అంది. అప్పుడు వాలింది కాకి. ఏది ముట్టిందంటారా? ఒక్కో ఊళ్ళో ఒక్కోటి చెబుతారు.

ఇప్పటికీ ఆ ఏటి పక్క ఊళ్ళలో ఆలుమగలు ఏడాదికోసారి ఏదో ఒక తోటకు పోయి రెండ్రోజులు ఉండొస్తారు. మంగతాయి రోజులంటారు వాటిని. అత్తలే సద్ది కట్టి పంపుతారు. రెండోనాడు మధ్యాహ్నం మాత్రం ఆ తోటవాళ్ళ ఇంట్లో వండిపెట్టిన ఆమెను పీట మీద కూర్చోబెట్టి, ఆకు వేసి, వచ్చిన జంట అడుగుతుంది: "నీకేమిష్టం తల్లీ?"

చాలామంది ఆడవాళ్ళు ఠక్కున చెప్పలేరు. "ఏమోనమ్మా, నన్నెవరూ అడగలేదు" అంటారు. ఆలోచిస్తారు. ఒక్కొక్కరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఎంతసేపైనా సరే, ఆమె చెప్పి, వీళ్ళు అది వండి, ఆమె మొదటి ముద్ద తినేదాకా ఆ ఇంట్లో ఎవరూ విస్తరి ముందు కూర్చోరు.