దివానుగారి నమూనా

రాజుగారి ఊళ్ళో పైడమ్మ బట్టల మీద అద్దకాలు వేసేది. వచ్చినవాళ్ళ ముందు ఇసుక పళ్ళెం, చెక్క అచ్చులు పెట్టేది. వాళ్ళు నచ్చినట్టు ఇసుకలో అచ్చులు నొక్కుకుంటే, సరిగ్గా అదే నమూనాను బట్ట మీద అద్ది ఇచ్చేది.

ఒకనాడు దివాను, పండగ కొలువుకు ఉత్తరీయం కావాలని వచ్చాడు. ఏనుగు అచ్చు నొక్కాడు, దాని మీద నెమలి, నెమలి మీద రథం. చివరికి ఏది ఏదో ఆయనకే తెలియలేదు.

"ఇసుకలో ఉన్నదానికి చుక్క తగ్గినా, హెచ్చినా ఈ ఊళ్ళో ఉండవు" అంటూ లేచాడు. లేస్తుంటే ఆయన పైపంచె చెంగు పళ్ళెం మీదుగా ఈడ్చుకుపోయి ఇసుకంతా చదునైపోయింది.

"ఒక్కసారి చూసుకోండయ్యా" అంది పైడమ్మ.

"చూశాను. అదే కావాలి" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

పండగనాడు నిండు కొలువులో ఆమె తెల్లటి ఉత్తరీయం తెచ్చి ఇచ్చింది.

"నా ఏనుగేది?" అన్నాడు దివాను.

"మీరు అదే కావాలన్నప్పుడు ఇసుక ఇట్టాగే ఉందయ్యా. చుక్క తగ్గలేదు, హెచ్చలేదు."

రాజుగారు అటు చూసి, "కంటికి చల్లగా ఉంది. ఎవరిదీ నమూనా?" అన్నారు.

దివాను బట్ట వంక చూశాడు, పైడమ్మ వంక చూశాడు. "నాదే ప్రభూ" అన్నాడు అయోమయంగా.

మర్నాడు కొలువంతా ఆ నమూనాయే కావాలని దుకాణానికి వచ్చింది. పైడమ్మ పళ్ళెంలో ఇసుక చదును చేసి పెట్టింది.

"ఏమీ నొక్కకుండా లేచి వెళ్ళండయ్యా. అద్దేస్తాను" అంది.