కుంకుడికి రోజుకి రెండు ఆటలు

తుమ్మలవలస మొత్తం మీద బుర్ర ఉన్నది తన ఇంట్లోనే అని గవరయ్యకి గట్టి నమ్మకం. ఎవరే మాట చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేయడం తమ వంశంలోనే ఉందని చెప్పుకునేవాడు. భార్య నూకాలమ్మ ఔననేది. ఇంట్లోనే ఉండే బావమరిది సింహాద్రి అంతకంటే గట్టిగా ఔననేవాడు. ముగ్గురూ ఒక మాట మీద ఉన్నాక ఇక కాదనేవాళ్ళెవరు?

ఎదురింట్లో పైడిరాజు మాస్టారు హార్మోనియం నేర్పేవారు. ఆయనకి చూపు లేదు. దారి చూపే కుక్క కోసం మూడేళ్ళ కిందటే పేరు రాయించుకున్నారు. ఆ కుక్కల్ని తయారుచేసేవాళ్ళు ముందు కొన్నాళ్ళపాటు పిల్లని ఎవరింట్లోనైనా పెంచమని ఇస్తారట. మాస్టారి కోసం ఆ పని మేం చేస్తామని గవరయ్య ముందుకొచ్చాడు. ఇంకేముంది, వాళ్ళ తరఫున హైమవతి మేడం ఓ నల్లటి కుక్కపిల్లని తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. కుంకుడు గింజలా నిగనిగలాడుతోందని కుంకుడు అనే పేరు పెట్టారు.

మేడం వెళ్తూ వెళ్తూ, రేపు ఒక మనిషిని నడిపించాల్సిన పిల్ల ఇది, ఆటబొమ్మ కాదు, జాగ్రత్త అని చెప్పింది.

అంతే. ఆ ఇంట్లో ఆట బందు. కుంకుడు చెప్పు పట్టుకుంటే లాగేసుకున్నారు. ఎగిరితే కూర్చోబెట్టారు. తన తోక వెంట తానే తిరుగుతుంటే, అదీ ఆటే కదా అని సింహాద్రి పొద్దస్తమానం ఆ తోక పట్టుకుని కూర్చున్నాడు. పసిది కదా, కాస్త ఆడనిద్దామా అని నూకాలమ్మ నసిగింది.

"మా నాన్న నన్ను ఒక్కరోజు ఆడనివ్వలేదు. ఇప్పుడెలా ఉన్నానో చూడు," అన్నాడు గవరయ్య.

నూకాలమ్మ చూసింది. సింహాద్రి కూడా చూశాడు. ఆనక మళ్ళీ తోక పట్టుకున్నాడు.

నెల తిరిగేసరికి కుంకుడు తిండి మానేసింది. గ్లాసు కింద పడితే మంచం కిందకి దూరేది. కొత్త మనిషి కనిపిస్తే వణికేది. మేడం వచ్చి చూసి తల పట్టుకుంది. గ్లాసు చప్పుడుకే బెదిరే కుక్క లారీల మధ్య మనిషినెలా నడిపిస్తుందని అడిగింది. ఇది పనికిరాకపోతే మాస్టారు ఇంకో మూడేళ్ళు ఆగాలంది. దీనికి ఆట కావాలి, రోజుకి రెండు ఆటలైనా ఉండాలి అని గట్టిగా చెప్పి వెళ్ళింది.

మాస్టారికి ఇంకో మూడేళ్ళా? గవరయ్య అప్పటికప్పుడు కుంకుణ్ణి చంకనెత్తుకుని సినిమా హాలుకి పరిగెత్తాడు. మధ్యాహ్నం ఒక ఆట, సాయంత్రం ఒక ఆట. లెక్క సరిపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి, తల తెర వైపు తిప్పి పట్టుకున్నాడు. ఫైటింగులకి అది కుయ్యోమంది, పాటలకి నిద్రపోయింది. నాలుగో రోజున ముందు సీటు ఆవిడ జడ కొరికింది. హాలువాళ్ళు ఇద్దర్నీ కలిపే బయటికి పంపారు.

మేడంకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. ఆవిడ ఈసారి విడమరిచి చెప్పింది. సినిమా కాదు నాయనా, రోజూ దానికి బంతి వెయ్యండి, తోటి కుక్కలతో కలవనివ్వండి అంది.

ఇంకేముంది, గవరయ్య బంతి వేశాడు. పెళ్ళి భోజనాలకి వేసినట్టు వాకిట్లో చాపలు పరిచి, వరసగా విస్తళ్ళు వేసి, వీధి కుక్కలన్నిటినీ పిలుచుకొచ్చాడు. పదకొండు వచ్చాయి. నూకాలమ్మ కొంగు దోపుకుని పప్పు వడ్డించింది. నెయ్యి వేయమంటారా అని సింహాద్రి ఒక్కోదాన్నీ అడిగాడు. మూడో విస్తరి దగ్గర జగడం మొదలైంది. పప్పు గిన్నె ఒకటి ఎత్తుకుపోయింది, సింహాద్రి పంచె ఇంకోటి.

ఆ గోలలో కుంకుడు మంచం కిందనుంచి బయటికొచ్చింది. ఓ కుక్క చెవి పట్టుకుంది, దొర్లింది, విస్తరి నోట కరుచుకుని పరిగెత్తింది. ఆ సాయంత్రం గిన్నెడు అన్నం తింది.

వారం తర్వాత మేడం వచ్చేసరికి అది తోక ఊపుకుంటూ ఎదురెళ్ళింది. ఆటలోనే దానికి భయం పోతుంది, ఎంతవరకు కరవాలో తెలుస్తుంది, మనిషి మీద గురి కుదురుతుంది అని మేడం ముగ్గురికీ చెప్పింది. ముగ్గురూ తలూపారు.

"ఇలాగే ఇంకో నెల ఆడించండి. ఆ తర్వాత దీన్ని కళ్ళు మూసుకుని నమ్మొచ్చు," అంది.

సరిగ్గా నెలకి ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. కుంకుడి తాడు గవరయ్య పట్టుకున్నాడు. అతని కండువా నూకాలమ్మ, ఆమె చెంగు సింహాద్రి పట్టుకున్నారు. అలా బజారుకి బయల్దేరారు. సంత దగ్గర ఇసక కుప్ప మీద స్నేహితులు కనబడగానే కుంకుడు తాడు విదిలించుకుని ఉరికింది. అంతే, ముగ్గురూ వరసగా మురిక్కాలవలో దిగారు. కళ్ళు తెరవండ్రా అని జనం మొత్తుకున్నారు. మూసుకోమంది మేడం, తెరవమనడానికి మీరెవరని గవరయ్య తిరగబడ్డాడు.

ఆ అరుపులు విని అటుగా పోతున్న మాస్టారు ఆగారు. సంగతి కనుక్కుని నిట్టూర్చారు. కుంకుణ్ణి కాస్త చూస్తుండమని కిళ్ళీకొట్టతనికి అప్పజెప్పి, తన చేతికర్ర కొస గవరయ్య చేతికిచ్చి ముందు నడిచారు. మూడు వీధులు, రెండు మలుపులు. ఎవరి కాలికీ రాయి తగలకుండా తెచ్చి వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి, ఆయాసంతో తనూ కూర్చున్నారు.

గవరయ్యకి కళ్ళు మూసుకునే నీళ్ళు తిరిగాయి. తడుముకుంటూ పక్కకి జరిగి మాస్టారి నున్నటి తల నిమిరాడు. కష్టపడి బొచ్చంతా రాలగొట్టుకుంది పాపం అని, పాలు తెమ్మని కేకేశాడు. నూకాలమ్మ తడుముకుంటూనే వెళ్ళి గిన్నెడు పాలు తెచ్చి మాస్టారి కాళ్ళ దగ్గర నేల మీద పెట్టింది.

"తాగు నాన్నా," అన్నాడు గవరయ్య ఆయన మెడ వంచుతూ. "సాయంత్రం నిన్ను మాస్టారికి అప్పగించేస్తాం."